మోటారు సైకిలు ‘సెల్ఫు’ ఏల మొరాయించును?

హోసూరు చుట్టుపట్ల పల్లెలలో తెల్లవారుజామున మూడున్నర గంటలకే దీపములు వెలుగును. గులాబి తోటలవారును, కొత్తిమీర పండించువారును వెలుగు రాకమునుపే సరకును సంతకు చేర్చవలయును. ఆలస్యమైనచో ధర పడిపోవును. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలుని తండ్రి అట్టివారిలో నొకరు. ఆయన మోటారు సైకిలు 150 సి.సి. తరగతిది, కార్బ్యురేటరు బండి. కాలితో తన్ను కిక్ రాడ్డు దానికి లేదు. మీట నొక్కినంతనే కదలవలసినదే, కదలకున్నచో తోయవలసినదే.

ఆ బాలుడొకనాడు ప్రయోగశాల గుమ్మము కడ నిలిచి, “సార్, నాయన ఈరోజు కూడా బండి తోసుకొని పోయినాడు. కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫు తీసుకోలేదు. మోటారే మార్చల్లంట” అనెను. క్రొత్త మోటారు వెల విచారింపగా అది ఆ కుటుంబమునకు పదునైదు దినముల రాబడికి మించియుండెను. బ్యాటరీకి అంతకుముందే ఖర్చు పెట్టిరి. వచ్చు ఆదివారము బండిని పాఠశాలకు తెమ్మనియు, అంతవరకు ఏ వస్తువును కొనవలదనియు మేము చెప్పి పంపితిమి. ఆ ఆదివారమునను, తరువాత మరియొక ఆదివారమునను మేము చూచినదియు నేర్చినదియు ఇచట వ్రాయుచున్నాము. ఇట్టి బండ్లు మన విద్యార్థుల ఇండ్లలో అనేకము కలవు గనుక తల్లిదండ్రులకును ఇది కొంత ఉపకరింపవచ్చును.

వాడుకలో మనము సెల్ఫు అనునది ఒక చిన్న విద్యుత్ మోటారు. పాఠ్యపుస్తకములో చదువు మోటారునకును దీనికిని సూత్రమున భేదమేమియు లేదు. అయస్కాంత క్షేత్రమున నుంచిన తీగలో విద్యుత్తు ప్రవహించినచో ఆ తీగపై బలము పనిచేయును. తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు 1821లో మైకేల్ ఫారడే చేసి చూపెను. మోటారు సైకిలు సెల్ఫులో గుండ్రని ఇనుప గొట్టము లోపలి గోడకు శాశ్వత అయస్కాంతములు అంటింపబడి యుండును. వాని నడుమ తీగ చుట్టిన కడ్డీ తిరుగును. దీనిని ఆర్మేచరు అందురు. ఆర్మేచరు కొనయందు రాగి పలకలను వరుసగా పేర్చిన ఉంగరము వంటి భాగము కమ్యూటేటరు. ఆ రాగిపై కార్బను, రాగిపొడి కలిపి చేసిన చిన్న దిమ్మెలు స్ప్రింగుల బలముచే ఒరయుచుండును. అవియే బ్రష్షులు. పేరు బ్రష్షైనను వెండ్రుకలుండవు. తిరుగుచున్న వస్తువునకు విద్యుత్తు నందించుటకు ఈ ఒరపిడి తప్ప అందు మరియొక మార్గము లేదు. కావున మోటారులో మొట్టమొదట అరుగునవి ఇవియే.

ఇంజనును త్రిప్పుటకు ఇంత చిన్న మోటారు చాలునా యని ఒక విద్యార్థిని అడిగెను. మంచి ప్రశ్న. మోటారు మిక్కిలి వేగముగా తిరుగును గాని దాని పిడి చిన్నది. నడుమ పండ్లచక్రము లుండుటచే వేగము తగ్గి బలము పెరుగును. ఇంజను అంటుకొనిన పిమ్మట అది మోటారును వెనుకకు లాగికొని త్రిప్పరాదు గదా! అందులకై ఒకే దిక్కున పట్టు క్లచ్చి యొకటి ఉండును. సైకిలు వెనుక చక్రమున ఫ్రీవీలు చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ముందుకు త్రొక్కినచో పట్టును, వెనుకకు త్రొక్కినచో జారును.

ఇక మోటారునకు విద్యుత్తు చేరు దారి. సెల్ఫు తిరుగునపుడు బ్యాటరీ నుండి పదులకొలది ఆంపియర్లు ప్రవహించును. ఇంత ప్రవాహమును హ్యాండిల్ మీది సన్నని మీట గుండా పంపినచో ఆ మీట కాలిపోవును. అందుచే మీట నొక్కినపుడు స్వల్ప ప్రవాహము మాత్రము రిలే అను పెట్టెలోని తీగచుట్టకు పోవును. ఆ చుట్ట అయస్కాంతమై లోపలి ఇనుప ముక్కను లాగును. అది రెండు లావైన రాగి కొనలను కలుపును. అప్పుడు ‘టక్’ మని యొక శబ్దము వినబడును. సెల్ఫు రోగమునకు ఆ శబ్దమే మొదటి సాక్షి.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. కార్లను చేతికడ్డీతో త్రిప్పు బాధను తొలగించుటకు అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చెను. 1914లో ‘ఇండియన్’ అను అమెరికా కంపెనీ (పేరు మాత్రమే మనది) ఒక మోటారు సైకిలుకును దీనిని అమర్చెను గాని ఆనాటి బ్యాటరీలు ఆ భారమును మోయలేకపోయినవి. ఆ బండి నిలువలేదు. నూరేండ్లు దాటినను మెకానిక్కులు మొదట బ్యాటరీనే అనుమానించుట వింత గాదు. అనుమానించుటలో తప్పు లేదు. కొలువకయే మార్చుట తప్పు.

మీట నొక్కి చెవియొగ్గి వినవలయును. శబ్దమే లేనిచో రోగము మోటారులో కాక చిన్న ప్రవాహము నడచు దారిలో నున్నదని మొదట ఊహింపవలయును. ఫ్యూజు, ఎఱ్ఱని కిల్ స్విచ్చి, క్లచ్చి పిడి కడ నుండు స్విచ్చి, న్యూట్రలు స్విచ్చి, ప్రక్క స్టాండు స్విచ్చి, తుదకు రిలే చుట్ట, వీనిలో ఏదో యొకటి దారి నడ్డగించుచున్నది. నడుపువాని క్షేమమునకై పెట్టిన స్విచ్చులే దుమ్ము పట్టినపుడు వానిని వీధిలో నిలబెట్టును. స్కూటర్లలో బ్రేకు పిడి పట్టనిదే సెల్ఫు తిరుగదు. మా సహోద్యోగి యొకరు క్రొత్త స్కూటరు కొని, ఈ సంగతి తెలియక మొదటి దినమున నడచియే ఇల్లు చేరిరి. ఇది ఆయన అనుమతితోనే వ్రాయుచున్నాము.

‘టకటకటక’ యని వడివడిగా శబ్దము వచ్చినచో బ్యాటరీ బలహీనమైనదనియో, దాని కొనలు వదులైనవనియో తలంపవచ్చును. రిలే కలిసినంతనే వోల్టులు పడిపోవును, రిలే విడిపోవును, వోల్టులు మరల లేచును, రిలే మరల కలియును. ఒకే యొక ‘టక్’ విని పిమ్మట నిశ్శబ్దమైనచో రిలే కొనలు, లావు తీగలు, మోటారు ఈ మూడింటిని పరీక్షింపవలయును. మోటారు జుయ్యిమని తిరుగుచు ఇంజను కదలనిచో ఒకదిక్కు క్లచ్చియో, పండ్లచక్రములో పాడైనవి. మీట వదలినను మోటారు ఆగనిచో రిలే కొనలు కరగి అంటుకొన్నవి. తాళము త్రిప్పినను అది ఆగదు. వెంటనే బ్యాటరీ తీగ నొకదానిని విప్పవలసియుండును.

మన బాలుని బండి ‘టక్’ మని, పిమ్మట ముసలివాడు మూల్గినట్లు అరచుట్టు తిరిగి ఆగెను. హెడ్‌లైటు మాత్రము చక్కగా వెలుగుచుండెను. “లైటు బాగా ఉంది గదా సార్, అంటే వైర్లన్నీ బాగున్నట్టే గదా?” అని తండ్రి అడిగిరి. ఆయనకు మెకానిక్కు చెప్పినదియు అదియే. ఇచటనే చాలమంది మోసపోవుదురు. దీనికి సమాధానము తొమ్మిదిమంది పిల్లల నోట్లలో అప్పటికే వ్రాసియుండెను. అందులో ఒక్కరికైనను స్ఫురింపలేదు. మాకును వెంటనే స్ఫురింపలేదని ఒప్పుకొనవలయును.

ఓము సూత్రమును తలచుకొనుడు. ప్రవాహమును నిరోధముచే గుణించినచో ఆ నిరోధముపై నష్టపడు వోల్టులు వచ్చును. ఒక తీగ కొన తుప్పు పట్టి అచట 0.1 ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. 35 వాట్ల దీపమునకు 12 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్లు కావలయును. 3 × 0.1 = 0.3 వోల్టు. ఇంత నష్టమును కన్ను గుర్తింపలేదు. అదే కొన గుండా సెల్ఫునకు 40 ఆంపియర్లు పోవలసినచో 40 × 0.1 = 4 వోల్టులు. బ్యాటరీ శక్తిలో మూడవ వంతు త్రోవలోనే వేడియై పోవును. కావున దీపము వెలుగుట సెల్ఫు తీగలకు యోగ్యతాపత్రము కాదు.

దీనిని కనుగొనుటకు మల్టీమీటరు చాలును. ప్రయోగశాలలో నున్న చవుకరకమైనదైనను సరే. డి.సి. 20 వోల్టుల గురుతుకడ ముల్లు త్రిప్పవలయును. ఆంపియర్ల గురుతుకడ నుంచి బ్యాటరీ రెండు కొనలకు తగిలించినచో మీటరులోని ఫ్యూజు పోవును, లేక మీటరే పోవును. పిల్లలీ విషయమున జాగరూకులై యుండవలయును. బండి నిలిచి కొన్ని గంటలైన పిమ్మట మంచి బ్యాటరీ 12.6 నుండి 12.8 వోల్టులు చూపును. 12.4 చూపినచో ముప్పాతిక నిండినదనియు, 12.0 చూపినచో దాదాపు వట్టిపోయినదనియు తెలియవలెను. అయితే ఊరకయున్నప్పటి కొలత చాలదు. పనిచేయించి చూచిననే బలము తెలియును. సెల్ఫు నొక్కినపుడు వోల్టులు 9.6 కంటె దిగువకు పడినచో బ్యాటరీని చార్జి చేయించి మరల పరీక్షింపవలయును. అప్పటికిని పడినచో అది ముదిసినది.

మా బండి బ్యాటరీ ఊరకయున్నపుడు 12.7 చూపెను. బాలుని మీట నొక్కుమని చూడగా 11.9 మాత్రమే అయ్యెను. మోటారు తిరుగక మూల్గుచున్నది, బ్యాటరీ మాత్రము అలసిపోలేదు! అనగా బ్యాటరీ ఇచ్చుటకు సిద్ధముగా నున్నను పుచ్చుకొనుటకు ఏదో అడ్డు వచ్చుచున్నది. ఈ యొక్క సంగతి తెలిసినచో బ్యాటరీ మార్చియుండరు.

పిమ్మట దారిని మూడు ముక్కలుగా కొలిచితిమి. ప్రతి కొలతకును మీట నొక్కియుండగనే మీటరు చూడవలెను, ఏలయన ప్రవాహము లేనిదే నష్టమును లేదు. బ్యాటరీ ధనధ్రువము నుండి రిలే మీదుగా మోటారు మేకువరకు 0.3 వోల్టు. అది సరియే, అర వోల్టు లోపున్నచో తృప్తిపడవచ్చును. మోటారు మేకునకును దాని ఒంటికిని నడుమ 7.3. మోటారు ఒంటికిని బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ 4.3. ఈ మూడును కూడగా 11.9 అయినది. నల్లబల్లపై కూడిక వేసి చూపినపుడు పిల్లల ముఖములలో కనబడిన వెలుగును మేమింతవరకు ఏ పరీక్షాఫలితముల నాడును చూడలేదు. సున్నకు దగ్గరగా నుండవలసిన చోట 4.3 ఉన్నది. దొంగ దొరికెను.

ఋణధ్రువము నుండి బయలుదేరు నల్లని లావు తీగ ఇంజనుకు ఒక బోల్టుతో బిగింపబడి యుండును; షెడ్లలో దీనిని ఎర్తు వైరు అందురు. ఆ బోల్టు విప్పగా తీగ కొనయందలి లోహపు కన్ను క్రింద పచ్చని చిలుము, దానిపై మట్టి, దానిపై నూనె జిడ్డు! పూలపై నీళ్ళు చల్లి మూటలు కట్టుదురు. ఆ నీరు ప్రతి దినమును అచటికే కారుచుండెనట. మొదట తాళము తీసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, పిమ్మట ఆ కన్నును, ఇంజనుపై దాని చోటును లోహము మెరయువరకు ఉప్పుకాగితముతో రుద్దితిమి. (ఉప్పుకాగితమునకు తమిళములోను ఉప్పుత్తాళ్ అనియే పేరు. ఇరుభాషలవారికిని ఆ గరుకు ఉప్పువలెనే తోచినది కాబోలు.) బిగించిన పిమ్మట గాలి, నీరు సోకకుండ పైన వాజిలిను పూసితిమి. మరల కొలువగా 4.3 కాస్త 0.2 అయ్యెను. సెల్ఫు తిరిగెను, ఇంజను పలికెను. తండ్రి ఏమియు మాటలాడక బండి ట్యాంకుపై చేయి వేసి నిలుచుండిరి.

కథ ఇచట ముగిసినచో బాగుండెడిది. రెండు వారములకు బాలుడు మరల వచ్చెను. ఈసారి మూలుగు కూడ లేదు. ఒక్క ‘టక్’, అంతే. మోటారుపై స్పానరు పిడితో మెల్లగా తట్టినచో ఒకసారి తిరుగుననియు, మరునాడు మరల తట్టవలసి వచ్చుననియు చెప్పెను. కొలువగా, మీట నొక్కియుండినను బ్యాటరీ 12.6 నుండి దిగలేదు; మోటారు మేకునకును ఒంటికిని నడుమ 12.5. నిండు వోల్టులు ముంగిట నిలిచినను మోటారు పుచ్చుకొనుట లేదు. ఇక రోగము లోపలనే. మొదటి ఆదివారపు 7.3 ను మేము సరిగా విచారించియుండినచో అప్పుడే అనుమానింపవలసినది. అంత వోల్టులకు మంచి మోటారు మూల్గి ఊరకుండదు, మెల్లగానైనను త్రిప్పును. దొంగ ఒకడే యనుకొని ఇల్లు వెదకుట మానితిమి.

తట్టిన తిరుగుట బ్రష్షుల అరుగుదలకు గురుతు. బ్రష్షు పొట్టియైనపుడు స్ప్రింగు దానిని కమ్యూటేటరుపై అదుమలేదు. తట్టినపుడు బ్రష్షు కదలి క్షణకాలము రాగిని తాకును. దీనిని వైద్యముగా వాడుకొనువారు కలరు. గట్టిగా కొట్టినచో లోపల అంటించిన అయస్కాంతములు పగులును, ఊడును. అప్పుడు నిజముగానే క్రొత్త మోటారు కొనవలసి వచ్చును.

మోటారును విప్పుటకుముందు చేయవలసినదానిని మేము చేయలేదు. మూత, గొట్టము కలియుచోట సుద్దతోనో సూదితోనో గీత గీసికొనవలెను. ఆర్మేచరు రెండు కొనలయందు పలుచని వాషరులుండును. అవి ఎన్ని, ఏ వరుసలో, ఏ ప్రక్కనున్నవో కాగితముపై వ్రాసికొనవలెను. మేము మూత లాగినంతనే ఒక వాషరు బల్లపై దొర్లి క్రింద పడెను. దాని చోటు ఎవ్వరికిని తెలియదు. మోటారును మూడు మారులు కూర్చి విప్పవలసి వచ్చెను. మొదటిమారు ఆర్మేచరు బిగిసి తిరుగలేదు. రెండవమారు ముందునకు వెనుకకు ఆడుచుండెను. ఒక విద్యార్థి తన చేతి ఫోనుతో ప్రతి దశయందును ఛాయాచిత్రము తీయవచ్చునుగదా యని అప్పుడు చెప్పెను. ముందే చెప్పియుండినచో ఒక గంట మిగిలెడిది.

లోపల నల్లని పొడి నిండియుండెను. నాలుగు బ్రష్షులలో రెండు దాదాపు తోక తీగ వరకు అరిగినవి. ఎంత అరిగినచో మార్చవలెనో ఆ బండి సర్వీసు పుస్తకములో మిల్లీమీటర్లలో ఉండును. ఒక బండి కొలత మరియొక బండికి పనికిరాదు. పొడిని కుంచెతో దులిపి, పొడి గుడ్డతో తుడిచితిమి. పొడి ముక్కులోనికి పోకుండ గుడ్డ కట్టుకొనుట మేలు. పెట్రోలుతో కడుగుటను మేము ఒప్పుకొనము. దాని ఆవిరి కడ ఒక్క నిప్పురవ్వ చాలును, తీగలపై వార్నీషునకును అది మంచిది కాదు.

కమ్యూటేటరుపై నలుపు పట్టియుండెను. అతి సన్నని ఉప్పుకాగితమును పట్టీగా కత్తిరించి చుట్టును సమముగా రుద్దినచో రాగి రంగు వచ్చును. ఇచట ఎమెరీ గుడ్డ వాడరాదు. దాని రేణువులు రాగి పలకల నడుమ చిక్కుకొని విద్యుత్తునకు దొంగదారి కల్పించును. పలకల నడుమనున్న సందులు రాగి కంటె కొంచెము లోతుగా నుండవలెను. అవి పూడినచో సన్నని పనిముట్టుతో మెల్లగా తీయవలెను.

పిమ్మట మీటరును ఓముల గురుతునకు త్రిప్పి ఆర్మేచరును పరీక్షించితిమి. ప్రక్కప్రక్క రాగి పలకల నడుమ దారి ఉండవలెను. ఏదైన ఒక పలకకును ఇనుప కడ్డీకిని నడుమ దారి ఉండరాదు. ఉన్నచో తీగపై పూత కాలి ఆర్మేచరు పాడైనదని అర్థము. దానికి బ్రష్షులు మార్చి ప్రయోజనము లేదు. అట్లే మోటారు బయటి మేకునకును దాని బ్రష్షునకును దారి ఉండవలెను, మేకునకును ఒంటికిని ఉండరాదు. ఆ మేకు చుట్టునుండు ప్లాస్టికు వాషరులలో ఒకటి మరచినను బ్యాటరీ నేరుగా ఒంటికి తగిలి తీగలు కాలును. మా ఆర్మేచరు పరీక్షలో నెగ్గెను.

బ్రష్షుల సెట్టు కొరకు ముగ్గురు బాలురు పాత బస్తీ విడిభాగముల అంగడికి వెళ్ళిరి. పాఠములో ‘కార్బను బ్రష్షు’ అని చదివినదే అంగడిలోను పేరు. ఆ పిల్లలు చదువు తెలుగులో, బేరము తమిళములో, లెక్క మనసులో చేసికొని వచ్చిరి. ఖరీదు క్రొత్త మోటారు వెలలో పదియవ వంతు కూడ కాలేదు.

కూర్చునపుడు ఆర్మేచరును అయస్కాంతములు ఒక్కసారిగా లోనికి లాగుకొనును; వ్రేళ్ళు నడుమ నుండరాదు. బ్రష్షులను వెనుకకు పట్టి యుంచి ఆర్మేచరును చేర్చుటకు నాలుగు చేతులు కావలసివచ్చినవి. మూత కడి రబ్బరు ఉంగరము తెగియుండగా దానిని కూడ మార్చితిమి. అది నీటినే గాక ఇంజను నూనెను కూడ లోనికి రానీయక కాపాడును. కడ్డీ కొనకు కొంచెము కందెన పెట్టవలెను గాని కమ్యూటేటరునకు ఒక్క చుక్క కూడ తగులరాదు. బండిపై బిగించిన పిమ్మట బ్యాటరీకి మొదట ధనధ్రువము, చివర ఋణధ్రువము తగిలింపవలెను. విప్పునపుడు ఇందులకు మారుగా ఋణధ్రువమును మొదట విప్పవలెను. ఏలయన ధనధ్రువమును విప్పు స్పానరు బండి ఇనుమునకు తగిలినచో, ఋణధ్రువము ముందే విప్పియున్న నిప్పురవ్వ పుట్టదు. బ్యాటరీ చార్జి అగునపుడు హైడ్రోజను వెలువడును గనుక దానికడ రవ్వ కూడదు. చేతి ఉంగరములు, గడియారములు తీసియుంచుట మరువరాదు. రిలే కొనలను స్క్రూడ్రైవరుతో కలిపి చూపు వేడుక పిల్లలు చేయనే కూడదు.

తల్లిదండ్రులు దినదినమును పాటింపదగినది ఒకటి కలదు. మీటను ఒక్కమారు ఐదు సెకండ్లకు మించి నొక్కరాదు. పది సెకండ్లాగి మరల నొక్కవలయును. తిరుగుచున్న మోటారు తనలోనే ఎదురు వోల్టులు పుట్టించుకొని ప్రవాహమును తగ్గించుకొనును. బిగిసి నిలిచిన మోటారులో ఆ ఎదురు లేదు, ప్రవాహమంతయు వేడియగును. సంతకు వేళ మించుచున్నపుడు మనుష్యుడు మీటను విడువక నొక్కుట సహజము. మోటారులు కాలుట కూడ అప్పుడే.

తోసి నడుపుటను గూర్చి ఒక మాట. మన బాలుని తండ్రి రెండవ గేరులో క్లచ్చి పట్టి తోసి, వేగము రాగానే విడిచి ఇంజనును లేపుచుండిరి. క్లచ్చి పిడి గల పాత బండ్లకు ఇది చెల్లును. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలైన పిమ్మట వచ్చిన బండ్లలో పెక్కింటికి పెట్రోలును విద్యుత్ పంపు అందించును. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినచో ఆ పంపు పనిచేయదు. ఎంత తోసినను ఆయాసమే మిగులును. గేరు లేని స్కూటర్లను తోసి లేపుటకు వీలే లేదు.

సెల్ఫు బాగుపడిన పిమ్మట ఇంజను నడచుచుండగా బ్యాటరీ కొనలయందు కొలిచితిమి. 14.1 వోల్టులు. 13.5కును 14.5కును నడుమ నున్నది గనుక చార్జింగు సరియే. ఈ కొలత కూడ తీసికొనవలెను. చార్జింగు లేనిచో ఎంత మంచి సెల్ఫైనను వారము దినములలో మరల మొరాయించును.

ఇది జరిగి ఒక వానకాలము గడచినది. ఆ బండి నేటికిని మూడున్నరకు బయలుదేరుచున్నది. బాలుడు నెలకొకసారి ఎర్తు బోల్టును చూచి వాజిలిను పూయుచున్నాడు. ఇరుగుపొరుగువారి బండ్లను కూడ మీటరుతో కొలిచి, అంకెలను భౌతికశాస్త్రపు నోటు వెనుక పుటలలో వ్రాసికొనుచున్నాడు. మొదట తీసివేసిన పాత బ్యాటరీని ఆ తండ్రి క్రొత్తదాని వెలలో తగ్గింపునకై అంగడిలోనే ఇచ్చివేసియుండుటచే దానిని కొలిచి చూచు అవకాశము మాత్రము మాకు లేకపోయినది.